కుట్టిన నాడి కోలుకున్నదని తెలియడం ఎట్లా?

శరీరానికి గాయం తగిలినప్పుడు దానిలోని భాగాలన్నీ ఒకే వేగంతో మానవు. తెగిన చర్మం పది పదిహేను రోజులలో అతుకుకుంటుంది. విరిగిన చేతి ఎముక సామాన్యంగా రెండు మూడు నెలలలో కూడుకుంటుంది. తెగిన నాడి మాత్రం తన పనిని తాను తిరిగి అందుకోవడానికి నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు రెండు మూడు సంవత్సరాలు కూడ, తీసుకుంటుంది. శస్త్రవైద్యుడు కుట్లు విప్పి ఇంటికి పంపిన నాటికి మానినది పైగాయం మాత్రమే. లోపలి నాడి ప్రయాణం అప్పుడే ప్రారంభమైనదని చెప్పవలెను. ఆ ప్రయాణం సాగుతున్నదో, నడుమ ఎక్కడనైనా ఆగిపోయినదో పైకి కనిపించదు. దానిని కనిపెట్టడానికి వైద్యులు ఏర్పరచుకొన్న పరీక్షలు ఏవి, ఆ విషయంలో రోగి కుటుంబం చేయగలిగినది ఏమి అన్నదే నేటి ప్రసంగ విషయం.

కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలలో ఈ ప్రశ్న ఒక్క ఆరోగ్యానికి సంబంధించినది కాదు, జీవనోపాధికి కూడ సంబంధించినది. కోరుట్ల, మెట్‌పల్లి పరిసరాలలో చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టే స్త్రీకి వ్రేలికొనల స్పర్శే పనిముట్టు. తునికాకులో పొగాకు ఎంత పడినదో, చుట్ట ఎంత బిగిసినదో ఆమె కంటితో చూచి తెలుసుకోదు, బొటనవ్రేలికి తెలుస్తుంది. సిరిసిల్ల మగ్గాల మీద తెగిన పోగును ముడివేసే నేతపనివాడు, కరీంనగర్‌లో సన్నని వెండితీగను మెలివేసి పూవుగా మలచే కళాకారుడు, నిర్మల్ కొయ్యబొమ్మలకు రంగులు దిద్దే నకాషీ, ఆదిలాబాదు నల్లరేగడి చేలలో ముల్లు గ్రుచ్చుకోకుండా పత్తి తీసే కూలి, వీరందరి అన్నము వ్రేళ్ళ కొనలలోనే ఉన్నది. కొడవలి జారినా, గాజుపెంకు దిగినా, యంత్రపు పట్టాలో చేయి పడినా, మోటారుసైకిలు ప్రమాదం జరిగినా, తెగినది నాడి అయితే ఆ కుటుంబానికి ఏడాది రెండేళ్ళ పరీక్ష ఎదురైనట్లే.

ముందుగా ఒక మాటను సరిచూచుకోవడం మంచిది. మన వాడుకలో "నరం" అన్న పదం మూడు వేరువేరు వస్తువులకు చెల్లుతున్నది. సూదిమందు "నరానికి" వేసినారంటే అది రక్తనాళం. కాలి మడమ వెనుక త్రాడువలె తగిలేదానిని "నరం" అంటే అది కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువు. చేయి తిమ్మిరి పట్టి "నరం లాగినది" అన్నప్పుడు మాత్రం అది నిజమైన నాడి. రక్తనాళం కుడితే రక్తప్రసారం వెంటనే మొదలవుతుంది. స్నాయువును కుడితే కొన్ని వారాలకు పట్టు కుదురుతుంది. నాడి అట్లా కాదు. కనుక "నరం కుట్టినారు" అని ఆసుపత్రిలో విన్నప్పుడు, కుట్టినది ఏ నరము అని అడిగి తెలుసుకోవడం రోగి బంధువుల మొదటి పని. ఒకే గాయంలో మూడూ తెగవచ్చును. మూడింటి గడువులు మూడు విధాలు.

నాడి అంటే వేల కొలది సన్నని పోగులు గల కట్ట. ప్రతి పోగు వెన్నుపాములోనో, దాని ప్రక్కనో ఉన్న ఒక కణం నుండి బయలుదేరి వ్రేలికొన వరకు సాగిన తంతువు. అది తెగినప్పుడు, కణానికి దూరమైన క్రింది ముక్క బ్రతకదు. ఈ సంగతిని 1850లో ఆగస్టస్ వాలర్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కప్ప నాలుకలోని నాడులను పరిశీలించి వెల్లడించినాడు. తంతువు నశించినా దానిని చుట్టివున్న గొట్టం మిగిలి ఉంటుంది. వైద్యుడు సూక్ష్మదర్శిని సహాయంతో, వెంట్రుకకంటె సన్నని దారంతో కుట్టేది ఆ గొట్టాల కట్టను మాత్రమే. పై ముక్కలోని తంతువులు కుట్టును దాటి, పాత గొట్టాలలో దూరి, మొక్క వేరువలె క్రిందికి పెరుగవలెను. ఆ పెరుగుదల రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. అంటే నెలకు ఒక అంగుళం, కొంచెం ఎక్కువ తక్కువగా.

ఈ ఒక్క సంఖ్యతో ఇంటిలో ఎవరైనా లెక్క కట్టవచ్చును. మణికట్టు దగ్గర తెగిన నాడి చూపుడువ్రేలి కొన చేరవలెనంటే 17, 18 సెంటీమీటర్ల దూరం. ఆరు నెలల మాట. మోచేతికి పైన తెగినదైతే అరచేతిలోని చిన్న కండరాలను చేరడానికి ఏడాదికి పైగా పడుతుంది. కాని నాడి ఆజ్ఞ లేని కండరం ఎంతకాలమైనా నిరీక్షించి కూర్చోదు. సుమారు 12 నుండి 18 నెలలు గడచిన తరువాత అది క్షీణించి, నాడి వచ్చి చేరినా తిరిగి పనిచేసే శక్తిని కోల్పోతుంది. ఒక ప్రక్క నాడి నెలకు అంగుళం చొప్పున నడుస్తూ ఉంటే, మరొక ప్రక్క కండరానికి గడువు తరుగుతూ ఉంటుంది. కోలుకోవడాన్ని గడువు ప్రకారం కొలవవలసిన అవసరం ఇందుకే వచ్చినది. ఊరకే "చూద్దాం" అని కాలం గడిపితే, రెండవ చికిత్సకు ఉన్న అవకాశం కూడ చేజారిపోతుంది.

ఇక పరీక్షల సంగతి. మొదటిది చాల సులభమైనది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1915లో, ఫ్రాన్సులో టినెల్, జర్మనీలో హాఫ్‌మన్ అనే వైద్యులు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే సంగతిని గమనించినారు. పెరుగుతున్న నాడీతంతువు కొన లేతది. దాని మీద వ్రేలితో మెల్లగా తట్టితే, ఆ నాడి ఏలే వ్రేళ్ళలో జిల్లుమంటుంది. వైద్యుడు వ్రేలికొన వైపు నుండి గాయం వైపుకు తట్టుతూ వచ్చి, జిల్లుమన్న మొదటి తావును గుర్తించి, కుట్టు నుండి అది ఎంత దూరంలో ఉన్నదో కొలిచి వ్రాసుకుంటాడు. తరువాతి నెలలో మళ్ళీ తట్టితే ఆ తావు ఒక అంగుళం క్రిందికి జరిగి ఉండవలెను. జరిగితే తంతువులు నడుస్తున్నవి. మూడు నాలుగు నెలలైనా కుట్టు దగ్గరనే ఆగితే, అక్కడ ఏదో అడ్డు ఉన్నదని సందేహించవలెను. జిల్లుమనడం, చీమలు ప్రాకినట్లుండడం చూచి ఆపరేషన్ చెడిపోయినదని బెంగపడేవారు ఉన్నారు. తిమ్మిరి తావు మారుతూ క్రిందికి దిగుతూ ఉంటే అది శుభసూచనయే. అయితే తంతువు చేరడం వేరు, పని చేయడం వేరు. ఈ గుర్తు ఒక్కటే చూచి చేయి పూర్తిగా బాగుపడుతుందని హామీ ఇవ్వరాదు.

రెండవది కండరబలం. రెండవ ప్రపంచ యుద్ధంలో నాడీ గాయాలతో వచ్చిన సైనికులను ఒకే కొలతతో చూడడానికి బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి 1943లో ఒక కరదీపికను ప్రచురించినది. దానిలోని 0 నుండి 5 వరకు గల శ్రేణి నేటికీ ప్రపంచమంతటా చెల్లుతున్నది. ఏ చలనమూ లేకపోతే 0. చలనం లేకున్నా కండరం అదిరినట్లు చేతికి తగిలితే 1. బరువు లేకుండా ప్రక్కవాటుగా కదలితే 2. భూమ్యాకర్షణకు ఎదురుగా లేపగలిగితే 3. పరీక్షకుని చేయి అడ్డగించినా కొంత నెగ్గగలిగితే 4. సహజబలం ఉంటే 5. అదే సంవత్సరం హెర్బర్ట్ సెడన్ నాడీ గాయాలను మూడు తరగతులుగా విభజించినాడు: నాడి తెగకుండా కొద్దికాలం స్తంభించినది, గొట్టం నిలిచి లోపలి తంతువులు మాత్రం నశించినది, పూర్తిగా తెగినది. మొదటిది కొన్ని వారాలలో తనంతట తానే కోలుకుంటుంది. మూడవది కుట్టనిదే కోలుకోదు.

కండరపరీక్షలో మోసపోయే అవకాశం చాల ఉన్నది. ఒక కండరం చచ్చుబడితే దాని పనిని ఇరుగుపొరుగు కండరాలు అందుకుంటవి. అల్నార్ నాడి దెబ్బతిన్న రోగిని బొటనవ్రేలికి, చూపుడువ్రేలికి నడుమ కాగితం పట్టుకొమ్మని చెప్పి లాగితే, అతడు బొటనవ్రేలి కణుపును వంచి పట్టుకుంటాడు. కాగితం జారలేదు కదా అని సంతోషించరాదు. కణుపు వంగినదంటే అసలు కండరం పని చేయలేదన్న మాట. అందుకే అనుభవజ్ఞుడైన పరీక్షకుడు చలనాన్ని చూడడంతో ఆగక, ఆ కండరం మీద వ్రేలు ఆనించి బిగువు తగులుతున్నదా అని కూడ చూస్తాడు.

మూడవది, అన్నిటికంటె సూక్ష్మమైనది, స్పర్శ. దీనిని గురించి ఒక విచిత్రమైన చరిత్ర ఉన్నది. లండన్ వైద్యుడు హెన్రీ హెడ్, రోగులు చెప్పే మాటలతో తృప్తిపడక, 1903 ఏప్రిల్ నెలలో తన ఎడమచేతి నాడిని తానే కోయించుకొని కుట్టించుకొన్నాడు. తరువాత నాలుగేండ్లపాటు ఆయన స్నేహితుడు రివర్స్ కేంబ్రిడ్జిలో ఆ చేతిని దూదితో, సూదితో, వేడి చల్లని నీటితో పరీక్షించి, వచ్చిన ప్రతి మార్పును వ్రాసి పెట్టినాడు. వారు చెప్పిన సిద్ధాంతాన్ని తరువాతివారు పూర్తిగా అంగీకరించలేదు. అయినా ఓపికతో, ఒకే పద్ధతిలో, తేదీల వారీగా పరీక్షించవలెనన్న పాఠం మిగిలినది. స్పర్శ ఒక్కసారిగా రాదు. సామాన్యంగా నొప్పి, వేడి తెలిసే మొరటు స్పర్శ ముందు వస్తుంది. కదిలే వస్తువు, తేలిక స్పర్శ తరువాత. రెండు చుక్కలను వేరుగా గుర్తించే నేర్పు అన్నిటికంటె చివర.

చివరిదానిని కొలవడానికి కాగితాల క్లిప్పును విప్పి రెండు కొనలుగా చేసినా చాలును. కళ్ళు మూసుకొన్న రోగి వ్రేలికొనపై ఒకసారి ఒక కొన, ఒకసారి రెండు కొనలు తాకించి అడుగుతారు. మంచి వ్రేలికొన 6 మిల్లీమీటర్లకు లోపలి ఎడాన్ని కూడ రెండుగానే గుర్తిస్తుంది. 6 నుండి 10 వరకు అయితే ఫరవాలేదు. 11 నుండి 15 అయితే తక్కువ. కాని అంకెలు ఒక్కటే చాలవని స్వీడన్ శస్త్రవైద్యుడు మోబర్గ్ 1958లో వాదించినాడు. నాణెం, తాళంచెవి, బొత్తాం, గుండుసూది వంటివి బల్లమీద పరచి, కళ్ళు తెరచి ఒకసారి, మూసి ఒకసారి ఏరి డబ్బాలో వేయమని గడియారంతో కాలం లెక్కించే పరీక్షను ఆయన ప్రచారం చేసినాడు. స్పర్శ లేని వ్రేలిని రోగి తనకు తెలియకుండానే ప్రక్కకు తప్పించి, మిగిలిన వ్రేళ్ళతో ఏరుతాడు. బీడీలు చుట్టే స్త్రీ మళ్ళీ పనికి కూర్చున్నప్పుడు ఏ వ్రేలు వాడుతున్నది, గంటకు ఎన్ని చుట్టుతున్నది అని చూచుకోవడం ఇదే పరీక్షకు మన ఇంటి రూపం.

మాట చెప్పలేని పసిపిల్లల విషయంలో మరొక ఉపాయం ఉన్నది. గోరువెచ్చని నీటిలో అరగంట నానితే మన వ్రేళ్ళు ముడతలు పడతవి. నాడి లేని వ్రేలు నున్నగానే ఉంటుంది. అట్లాగే దానికి చెమట పట్టదు. చర్మం పొడిగా, మెరుస్తూ కనిపిస్తుంది. చెమ్మ, ముడత తిరిగి వస్తే నాడి చేరుతున్నదని ఊహించవచ్చును. ఇవి గాక విద్యుత్తు సహాయంతో చేసే పరీక్షలు పెద్ద ఆసుపత్రులలో ఉన్నవి. కండరం కంటికి కదలకముందే దానిలో తిరిగి వచ్చిన జీవాన్ని అవి పసికట్టగలవు. అవి మంచి సాక్షులే గాని, చేతితో చేసే పరీక్షకు బదులు కావు.

ఈ పరీక్షలన్నిటికీ మన ప్రాంతంలో ఒక పాత ఉపయోగం ఉన్నది. కరీంనగర్, ఆదిలాబాదులకు పొరుగున, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో వైద్యురాలు ఇజబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ కుష్ఠువ్యాధి చికిత్సాలయాన్ని స్థాపించినారు. రాజా నర్సాగౌడు దానికి ద్రవ్యసహాయం చేసినాడు. నిజాం రాజ్యంలోని పలు జిల్లాల రోగులు అక్కడికి చేరేవారు. కుష్ఠువ్యాధి చర్మవ్యాధి మాత్రమేనని చాలమంది తలుస్తారు. నిజానికి దాని ప్రధాన లక్ష్యం నాడి. మోచేతి వెనుక, మోకాలి ప్రక్కన, చీలమండ దగ్గర నాడి వాచి త్రాడువలె తగులుతుంది. స్పర్శ, బలం క్రమంగా తగ్గిపోతవి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళౌషధ చికిత్స వ్యాధిక్రిమిని చంపుతుంది. 2005 చివరకు మన దేశం జాతీయ స్థాయిలో ఆ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించినట్లు ప్రకటించినది. అయినా కొత్త రోగులు నేటికీ కనబడుతున్నారు. క్రిమి చచ్చినా నాడి నష్టం తనంతట తాను పోదు.

నాడి వాపుకు ముందు స్టెరాయిడ్ మందులు ఇస్తారు; నష్టం కలిగిన ఆరు నెలలలోగా మొదలుపెడితే ఫలితం కనిపించే అవకాశం ఎక్కువ. దానితో లొంగనప్పుడు, నాడి మీది బిగువైన పొరను కోసి ఒత్తిడి తగ్గించే శస్త్రచికిత్స కూడ చేస్తారు. నొప్పి తగ్గినవారు ఉన్నారు. కాని మందు ఒక్కటే వాడినవారికంటె, మందుతో పాటు ఆపరేషన్ కూడ జరిగినవారికి స్పర్శ, బలం నిశ్చయంగా ఎక్కువ వచ్చినవా అంటే, జరిగిన కొద్ది పరిశోధనలను సమీక్షించినవారు అవునని తేల్చలేకపోయినారు. ఆపరేషన్‌కు ముందు ఎంత ఉన్నదో కొలవనిదే, తరువాత ఎంత వచ్చినదో ఎవరు చెప్పగలరు? అందుకే కుష్ఠువైద్యంలో ప్రతి రోగి చేతి బొమ్మ, పాదం బొమ్మ గీసి, నిర్ణీతమైన చుక్కల దగ్గర నైలాన్ పోగుతోనో, బాల్‌పెన్ కొనతోనో తాకి, తెలిసిన తావు, తెలియని తావు గుర్తించే పద్ధతి ఏర్పడినది. ఆ పోగులు ఒక్కొక్కటి ఒక్కొక్క బరువుతో నొక్కిన తరువాత వంగిపోతవి. ఎవరు పరీక్షించినా ఒత్తిడి ఒకటే. సామాన్యంగా చేతికి 2 గ్రాముల పోగు, పాదానికి 10 గ్రాముల పోగు తెలియకపోతే రక్షణనిచ్చే స్పర్శ పోయినట్లు లెక్కిస్తారు. దానితో పాటు చిటికెనవ్రేలు ప్రక్కకు, బొటనవ్రేలు పైకి, పాదం పైకి లేపించి బలముగా ఉన్నదా, బలహీనమా, చచ్చుబడినదా అని వ్రాస్తారు. ఇంత చిన్న పరీక్షను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో శిక్షణ పొందినవారు కూడ చేయగలరు.

గడువు దాటినా కండరం మేలుకోకపోతే ఆశ వదులుకోనక్కరలేదు. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో 1940ల చివర పాల్ బ్రాండ్, కుష్ఠువ్యాధి వల్ల వంకరపోయిన చేతులకు, బలమున్న కండరపు స్నాయువును మరలించి చచ్చుబడిన వ్రేలికి కట్టే శస్త్రచికిత్సను ప్రారంభించినాడు. తెగిన నాడి కోలుకోని చేతులకు కూడ అటువంటి చికిత్స నేడు చేస్తారు. అయితే కీళ్ళు బిగుసుకుపోయిన చేతికి ఆ మేలు అందదు. వ్రేళ్ళు ఊడిపోవడం వ్యాధి తినివేయడం వల్ల కాదు, నొప్పి తెలియని చేతికి పదేపదే తగిలే గాయాల వల్లనే అని కూడ బ్రాండ్ బృందం చూపించినది.

కనుక కుటుంబం చేయవలసిన పనులు స్పష్టమే. స్పర్శ తిరిగి వచ్చేవరకు ఆ చేతికి కన్నే కాపలా. జొన్నరొట్టెను పెనం మీద ఆ చేతితో తిప్పరాదు. వేడిగిన్నెను మసిగుడ్డతోనే పట్టుకోవలెను. రాత్రి పడుకొనేముందు వ్రేళ్ళను దీపం దగ్గర తిప్పి చూచి, బొబ్బ, కోత ఏదైనా ఉంటే శుభ్రం చేసి కట్టుకట్టవలెను. పొడిచర్మాన్ని నీటిలో నానబెట్టి నూనె రాయడం మంచిది. వైద్యుడు అనుమతించిన నాటి నుండి రెండవ చేతితో ప్రతి కణుపును దినదినం వంచి, చాచి, కీలు బిగియకుండా కాపాడవలెను. ఇచ్చిన బద్దను చెప్పిన వేళలలో కట్టుకోవలెను. స్పర్శ రావడం మొదలైనప్పుడు కళ్ళు మూసుకొని వడ్లు, కందులు, పెసలు, పత్తి, ఇసుక తాకి గుర్తించే అభ్యాసం చేయవలెను. తంతువులు తమ పాత గొట్టాన్ని తప్పి పక్కదానిలో దూరుతవి గనుక, ఒక వ్రేలిని తాకితే మరొక వ్రేలిలో తెలియడం సహజం. ఆ కొత్త సందేశాన్ని చదవడం మెదడు నేర్చుకోవలెను. పిల్లలు పెద్దలకంటె బాగా కోలుకోవడానికి ఈ నేర్పే ముఖ్యకారణమని తలుస్తారు.

అన్నిటికంటె చవకైన సాధనం ఒక నోటుపుస్తకం. తెగిన తేదీ, కుట్టిన తేదీ, తావు, నాడి పేరు మొదటి పుటలో వ్రాయించుకోవలెను. నెలకొకసారి, వీలైతే ఒకే మనిషి చేత, ఒకే వేళ, తెలిసే తావు ఎంతవరకు వచ్చినదో చేతిబొమ్మ మీద గుర్తించవలెను. ఆదిలాబాదు నుండి హైదరాబాదుకు 300 కిలోమీటర్లు. కూలి పోగొట్టుకొని, బస్సు ఖర్చు పెట్టుకొని వెళ్ళే ప్రతి ప్రయాణం బరువే. అందుచేతనే కుట్లు విప్పిన తరువాత చాలమంది తిరిగి వెళ్ళరు. జిల్లా ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో నడిమి పరీక్షలు చేయించుకొని, ఆ పుస్తకంతో సుమారు మూడవ నెలలో, ఆరవ నెలలో, సంవత్సరం నిండినప్పుడు శస్త్రవైద్యుని దర్శిస్తే, ఆయన కొద్ది నిమిషాలలోనే నిర్ణయానికి రాగలడు. అక్కడ అడుగవలసిన ప్రశ్నలు మూడు: జిల్లుమనే తావు ఎంత జరిగినది, మొదట మేలుకోవలసిన కండరం ఏది, అది ఏ నెలలోగా కదలకపోతే మరొక ఉపాయం ఆలోచించవలెను? ఈ మూడింటికీ సమాధానం వ్రాసి ఉన్న ఇంటిలో రోగికి తాను ఎక్కడ ఉన్నాడో తెలుస్తుంది. వైద్యునికి కూడ సమయం మించకముందే తెలుస్తుంది.